మరియమ్మ బుగ్గల ఎరుపు

మీరు స్టమాతియాని ఒక్కసారైనా కలిసి తీరాలి. కలిస్తే తిడుతుంది, అది వేరే సంగతి. గ్రీసులోని క్రీట్ దీవి నుంచి ఉత్తరాన కస్తోరియా కొండల్లోని ఈ ఊరికి కోడలిగా వచ్చి ముప్పై ఏళ్లయినా, ఊరికి ఆమె ఇంకా 'ఆ దీవి మనిషే'. ఆమెకి ఊరంతా 'బొచ్చుకోట్లు కుట్టే మూక'.

గుడి కప్పు కారి పాత మరియమ్మ పటం పాడైపోయింది. గులాబీ బుగ్గలు, కంట్లో నీటి చుక్క; తాతల కాలంలో రష్యా నుంచి వచ్చిందట. కొత్తది రాయడానికి చుట్టుపక్కల చెయ్యి తిరిగినది స్టమాతియా ఒక్కతే. తండ్రి నేర్పినట్టే రాసింది. ముందు ముఖమంతా ముదురు మట్టిరంగు పూసి, దాని మీద పొరపొరగా, చాలా పొదుపుగా వెలుగు తేల్చింది. ఎక్కడా నీడ పడదు, ఎందుకంటే ఆ వెలుగు బయటి దీపానిది కాదు. నోరు చిన్నది, కళ్లు పెద్దవి. ఆ ముఖాన్ని మనం చూడం, అదే మనల్ని చూస్తుంది.

మరియమ్మ పండగకి వారం ముందు పటాన్ని గుడిలో పెట్టగానే మొదలైంది.

"ఇదేంటే, నేనేదో దొంగతనం చేసినట్టు చూస్తోంది?" అంది తొంభై ఏళ్ల కల్లిరోయి.

"చేశావేమో, గుర్తు తెచ్చుకో అవ్వా," అంది స్టమాతియా.

"మీ అత్తని చూసి గీశావా?" గుడి పెద్ద పాండెలిస్ నవ్వాడు.

"మా అత్తకి ఇంత చిన్న నోరెక్కడిది?"

ఫాదర్ థియోలోగోస్ సర్దబోయాడు. "అమ్మా, మా వైపు పాత గుడి గోడల మీద చూడు. వెడల్పు ముఖాలు, బుగ్గల మీద కాస్త ఎరుపు. అదీ మన పద్ధతే కదా. కొంచెం వెయ్యరాదూ?"

ఆయన మాట తప్పు కాదని ఆమెకి తెలుసు. అందుకే మరీ మండింది. "మీ వైపుది మీ వైపు వాళ్లనే వేసుకోమనండి."

పండగనాడు పొద్దున పటం మీద పేరు రాయడానికి స్టమాతియా వచ్చేసరికి గుడి నిండా ఆడవాళ్లు. మరియమ్మ బుగ్గలు ఎర్రగా మెరుస్తున్నాయి.

"మా కోడలి లిప్‌స్టిక్," అన్నాడు పాండెలిస్ దర్జాగా. "పేరు రాయందే పవిత్రమైన పటం కాదని నువ్వే అంటావుగా. ఉత్త చెక్కకి పూస్తే పాపమేంటి?"

కల్లిరోయి చేతికర్ర పక్కన పడేసి, ఆ చెక్కని పట్టుకుని ఏడుస్తోంది. "వచ్చావా తల్లీ! ఇన్నాళ్లూ ఎక్కడికి పోయావే?" పోయిన తన ఇద్దరు పిల్లల పేర్లూ దానికి చెప్పుకుంటోంది.

స్టమాతియా ఒక్క క్షణం ఆగింది. తన పెళ్లిలో రొట్టె ముట్టకుండా లేచి వెళ్లిపోయింది ఈ ముసలిదే. భుజం పట్టి పక్కకి జరిపింది. దీపంలోని నూనెలో గుడ్డ ముంచి రెండు బుగ్గలూ తుడిచేసింది. పటం మీది మెరుగు పూత ముందే ఆరింది కాబట్టి మరకైనా మిగల్లేదు. ఎవరూ తేరుకోకముందే కుంచె తీసి, ముఖం చుట్టూ ఉన్న బంగారు రేకు మీద 'దైవమాత' అని చెప్పే ఆ నాలుగు గ్రీకు అక్షరాలూ రాసేసింది.

"ఇప్పుడిది చెక్క కాదు," అంది పాండెలిస్ వైపు తిరిగి. "ఏదీ, ఇప్పుడు పూయి, చూస్తాను."

ఫాదర్ సిలువ గుర్తు వేసుకున్నాడు. ఇక చేసేదేం లేదు, పేరు పడిపోయింది.

పాండెలిస్ చెయ్యి లేవలేదు. ఊరూ తల వంచలేదు. ఒక్కొక్కరే వచ్చి, సిలువ గుర్తు వేసుకుని, అలవాటు ప్రకారం పటాన్ని ముద్దాడాల్సింది పోయి, పెదవులు తాకించకుండానే వెళ్లిపోయారు. కల్లిరోయి కూడా వచ్చింది. ఆ కళ్లలోకి చూసి, చెప్పబోయిన మాట మింగేసి, కర్ర కోసం నేల తడుముకుంది. మూడేళ్లయింది, ఆ పటాన్ని ఇంతవరకూ ఒక్కరూ ముద్దు పెట్టుకోలేదు. పటం మాత్రం అద్భుతం. ఒట్టు, దాని ముందు నిలబడితే ఒళ్లు జలదరిస్తుంది.

ఆ నూనెగుడ్డ మీ చేతిలో, ఆ ముసలావిడ మీ ఎదురుగా ఉంటే మీరేం చేసేవారు?