కొడుక్కి తెచ్చిన రొట్టె

ఉచిత న్యాయ సహాయానికి సర్కారు డబ్బులు తగ్గిస్తోందని మేం లాయర్లం కోర్టులు బహిష్కరించిన రోజులవి. పెనుకొండలో హిందూపురం బస్సెక్కాను. పక్కన కూర్చున్న ముసలామె నా నల్లకోటు చూసింది.

"మీరు కోర్టుకు పోనిది మా మాదిరోళ్ల కోసమేనంట కదప్పా?"

"అవునవ్వా. లేనోళ్లకీ లాయరుండల్ల కదా."

"మంచిపనే. మావాడు జైల్లో ఉండాడు. కోర్టు లేదని ఈపొద్దు పిల్చుకురాలేదు."

వాయిదా వచ్చినప్పుడల్లా కోర్టు వరండాలోనే కొడుక్కి ఇంత తినిపించేదట. ఆరోజు వాడికని తెచ్చిన జొన్నరొట్టె, ఊరిబిండి పచ్చడి నా చేతిలో పెట్టి, నేను తినేదాకా ఊరుకోలేదు. తర్వాత ఖాళీ గుడ్డ దులిపి మడుచుకుంది.

సోమందేపల్లిలో దిగబోతూ వెనక్కి తిరిగింది.

"గెలిచేదాకా ఇడవద్దండప్పా. మావాడు యాడికి పోతాడు, ఆడ్నే ఉంటాడు."

హిందూపురం దాకా ఆ సీట్లో ఎవరూ కూర్చోలేదు.