స్టీరింగ్ రాడ్డుకు నామం

మొన్న ఒకాయన కొత్త బైకుకు కాణిపాకంలో పూజ చేయించుకుని ఇంటికి పోయాడట. మర్నాడు పొద్దున తాళంచెవి దూరలేదు. బంగారుపాళ్యంలోని నా మెకానిక్ షాపుకు చెమటలు కక్కుకుంటూ నెట్టుకొచ్చాడు. చూస్తే తాళం రంధ్రం నిండా ఎండిన గంధం. సన్నని తీగకు కిరోసిన్ తడిపి గీకుతుంటే, తడిసిన గంధమూ నూనే కలిసిన వాసన ఒకటి ముక్కుకు తగిలింది. వెంటనే రంగాచారి సార్ గుర్తొచ్చారు. ఆయన గుర్తొస్తే నాకు ఇప్పటికీ ముందు వచ్చేది చిరాకే.

షాపు పెట్టకముందు నేను తిరుపతి దగ్గర కొండల నడుమ ఉన్న ఒక జలాశయంలో చిన్న మోటారు పడవ నడిపేవాణ్ణి. ఉన్నదే ఒక్క పడవ, దానికి మేనేజరు రంగాచారి సార్. గుడి ఆఫీసులో పనిచేసి రిటైరైన వైష్ణవుడు, ఆరడుగుల మనిషి, నుదుటిన నిలువెత్తు నామం. మోటారు గురించి ఆయనకు ఏమీ తెలియదు. అయినా ఏది మొరాయించినా వచ్చి నా నెత్తిమీద నిలబడేవారు. “ముందు విడదియ్యప్పా. ఏది కదలతా ఉండాదో, ఏది కదలడంలేదో సూడు. ఆఫీసులో ఫైలు ఆగిపోతే ఏ టేబులు మీద ఆగిందో సూస్తాం గదా, అట్ల.” మోటారుకే కాదు, బీరువా తలుపు బిగుసుకున్నా, టీ ఫ్లాస్కు మూత రాకపోయినా ఇదే పాఠం. విని విని నా చెవులు చిల్లులు పడ్డాయి.

అంతకన్నా విసిగించింది శుక్రవారం పూజ. అలిపిరి మెట్లెక్కే భక్తులు ప్రతి మెట్టుకూ పసుపూ కుంకుమా పెట్టినట్టు, ఆయన పడవలో కనబడిన ప్రతిదానికీ తిరుమణి, అంటే తెల్లని నామపు మట్టి, గంధం నీళ్ళతో తడిపి నామం పెట్టేవారు. అన్నిటికంటే ఆయనకు నచ్చింది స్టీరింగ్ రాడ్డు. ముందున్న చక్రం తిప్పితే కేబుల్ కదిలి, వెనక మోటారు దగ్గరి గొట్టంలోంచి ఈ రాడ్డు బయటికీ లోపలికీ జరుగుతుంది. మోటారును పక్కకు తిప్పేది అదే. పడవ మొత్తంలో తళతళలాడే ఉక్కు అదొక్కటే కాబట్టి, దాని మీద పెడితే నామం బాగా కనబడుతుందని ఆయన ఉద్దేశం. నేను గురువారం సాయంత్రం గ్రీజు పూస్తే, ఆయన శుక్రవారం తెల్లారి తుండుగుడ్డతో శుభ్రంగా తుడిచేసేవారు.

“సార్, గ్రీజు తుడవద్దండి. రాడ్డు బిగుసుకుంటాది” అని నెత్తీ నోరూ కొట్టుకున్నాను.

“జిడ్డు మీద నామం నిలవదప్పా” అనేవారు ప్రశాంతంగా. ఆ ప్రశాంతతకు నా ఒళ్ళు మండేది.

ఒక శనివారం నీళ్ళ మధ్యలో, పడవ నిండా జనం ఉండగా, స్టీరింగ్ ఎడమవైపుకు తిరిగి అట్లాగే బిగుసుకుపోయింది. బలమంతా పెట్టినా చక్రం రాలేదు. పడవ గానుగెద్దులా గుండ్రంగా తిరగసాగింది. జనం మొదట నవ్వారు, తర్వాత గోవిందనామాలు మొదలెట్టారు. ఒడ్డు మీంచి సార్ చేతులు నోటికి అడ్డం పెట్టి అరిచారు. “యాడికప్పా పోతా ఉండావు?”

“నేను యాడికీ పోవడంలేదు సార్. అదే తిప్పతా ఉండాది” అని అరిచి, మోటారు ఆపేసి, తెడ్డు వేసుకుంటూ ఒడ్డుకు చేరాను.

చిక్కేమిటంటే, మర్నాడు ఆదివారమైనా పొద్దున్నే పడవను పరీక్షించడానికి అధికారి వస్తున్నాడు. అది తిరగకపోతే బోటింగ్ మూసేస్తారు. నా ఉద్యోగం పోతుంది, ఆయనదీ పోతుంది. నేను కోపంతో సుత్తి ఎత్తాను. సార్ నా మణికట్టు పట్టుకున్నారు. “ముందు విడదియ్యప్పా.”

పళ్ళు నూరుకుంటూ రాడ్డునూ మోటారునూ కలిపే కొక్కెం ఊడదీశాను. మోటారు చేత్తో తోస్తే సులువుగా అటూ ఇటూ తిరిగింది. “అయితే మోటారులో తప్పు లేదు” అన్నారాయన. గొట్టంలోకి కిరోసిన్ పోసి, నానిన తర్వాత కట్టెముక్క అడ్డం పెట్టి మెల్లగా తట్టి, పొద్దువాలే వేళకు రాడ్డు బయటికి లాగాను. “తుప్పు పట్టుంటాది సార్” అన్నాను. ఆయన దాన్ని వెలుతురుకు పట్టి, గోటితో గీకి, వాసన చూశారు. తెల్లగా, గట్టిగా, సున్నంలా ఊడి వచ్చింది.

“తుప్పు కాదు. తిరుమణి” అన్నారు. తర్వాత నా వైపు చూసి, “ఆపింది నేనేనప్పా” అన్నారు.

నేను అన్నది నిజమైనందుకు నాకు సంతోషం కలగాలి. కలగలేదు. ఆయన ఆ తుండుగుడ్డనే చింపి, కర్రకు చుట్టి, గొట్టం లోపలంతా తానే తుడిచారు. నేను కొత్త గ్రీజు పెట్టి బిగించాను.

మర్నాడు పడవ చెప్పినట్టల్లా తిరిగింది. అధికారి దిగుతూ, “నిన్న బిగుసుకుపోయిందట కదా, ఏమైంది?” అని అడిగాడు. తుప్పు అందామని నోరు తెరిచాను. తుప్పు అంటే ఎవరి కొంపా మునగదు. సార్ అడ్డొచ్చారు. “నేను నామం పెట్టి ఆపినాను సార్. ఈయన వద్దనే చెప్పినాడు, నేనే వినలేదు.” అంత పెద్దమనిషి, అంత నామం పెట్టుకుని, తన కొడుకు వయసువాడి ముందు చేతులు కట్టుకుని ఆ మాట చెప్పారు. అధికారి ఆయన నుదుటి వైపు ఒకసారి చూసి, నవ్వాపుకుని, పడవ బాగుందని చెప్పి వెళ్ళిపోయాడు.

పై శుక్రవారం సార్ తిరుమణి గిన్నెతో వచ్చి పడవ పక్కన నిలబడ్డారు. ఎవరినీ ఏదీ అడగని మనిషి, “యాడ పెట్టమంటావప్పా?” అని అడిగారు. మోటారు పైమూత చూపించాను. ఆ తర్వాత ప్రతి శుక్రవారం అడిగేవారు, చోటు అదేనని తెలిసినా. అదీ చిరాకే, కానీ తియ్యని చిరాకు.

సార్ పోయి చాలా కాలమైంది. నేనిప్పుడు ఏ బండి వచ్చినా ముందు విడదీసి చూస్తాను. అన్నీ చూసినా తప్పు దొరకకపోతే, ఇంతకుముందు దాని మీద నేను చేసిన పని విప్పి చూస్తాను. చూడబుద్ధి కాదు, అయినా చూస్తాను.

తాళం బాగయ్యాక బైకాయన మొహం ముడుచుకున్నాడు. “అంటే, పూజ చేయించడం తప్పంటావా?”

“తప్పు కాదప్పా” అన్నాను. “ఈతూరి గంధం గిన్నెతో నా దగ్గరికి రా. యాడ పెట్టాలో అడిగి పెట్టు. మా సార్ అడిగేవారు.”