సూరన్న బండికి వెనక బ్రేకు

సూరన్నది యారాడ అనే జాలరి పల్లె. తండ్రి తాతలు సముద్రం మీద బతికినవాళ్ళు. ఇతగాడికేమో తెప్ప ఎక్కితే చాలు, కడుపులో తిప్పేసేది. జాలర్ల ఇంట పుట్టి సముద్రం పడకపోవడం కన్నా నామోషీ ఇంకేముంటుంది చెప్పండి! అందుకే డెబ్భై రెండులో ఊరొదిలి పట్నం వచ్చి, దొరబాబు షెడ్డులో రిక్షా అద్దెకు తీసుకున్నాడు.

ఆ షెడ్డులో ఇరవై బళ్ళు. పొద్దున్నే ఎవడు ముందొస్తే వాడిదే మంచి బండి. ఈవేళ తొక్కినది రేపు దొరుకుతుందన్న నమ్మకం లేదు. అందుకని ప్రతివాడూ సాయంత్రం బండి అప్పగించేముందు తన బెల్లు, తన సీటుగుడ్డ ఊడదీసుకుని ఇంటికి పట్టుకుపోయేవాడు. సూరన్న బెల్లు బియ్యం డబ్బాలో పడుకునేది. దానికి వారం వారం కొబ్బరినూనె కూడానూ. బండి చైనుకి మాత్రం చుక్క నూనె వేసిన పాపాన పోలేదు. అది తనది కాదుగా!

ఒక్కసారి మాత్రం నోరు విప్పాడు. ఊరంతా ఎత్తుపల్లాలు, ముందు చక్రానికి సైకిలు బ్రేకొకటే, మనిషిని ఎక్కించుకుని దిగుతుంటే ప్రాణం గుప్పిట్లో ఉంటోంది, వెనక చక్రాలకి కూడా ఏదైనా బిగిద్దామని దొరబాబుని అడిగాడు.

"నా బండికి మేకు దిగ్గొట్టినావంటే సూడు. తొక్కడానికిచ్చాను, బాగుసేయడానికి కాదు" అన్నాడు దొరబాబు. న్యాయమే మరి, బండి ఆయనది.

ఆదిలక్ష్మమ్మ గారని, గోదావరి జిల్లా నుంచి వచ్చిన పంతులమ్మ, మహారాణిపేటలో ఉండేవారు. రోజూ బడికి సూరన్న రిక్షాలోనే. డెబ్భై ఎనిమిది శ్రావణంలో ఒక వారం సూరన్నకి వరసగా నాలుగు రోజులు ఒకే బండి తగిలింది. మొదటి రోజే చూశాడు, ముందు బ్రేకు రబ్బరు ముక్క అరిగి ఇనుము బయటపడింది. పావలా పెడితే కొత్తది వస్తుంది. 'రేపు ఏ ఎదవ సేతికెళ్తాదో, నానెందుకెయ్యాలి' అనుకున్నాడు. నాలుగో రోజు జల్లు పడింది. ఆవిణ్ణి ఎక్కించుకుని కలెక్టరాఫీసు డౌను దిగుతుంటే బ్రేకు పట్టలేదు. బండి పోయి ప్రహరీగోడకి కొట్టుకుంది. ఆవిడకి తుంటి విరిగింది.

మూడు నెలలకి లేచారు గానీ మళ్ళీ రిక్షా ఎక్కలేదు. ఎవరిదీ ఎక్కలేదు. అంత డౌనూ కర్ర పొడుచుకుంటూ, ఆగి ఆగి దిగేవారు. తప్పంతా వానదేనని ఆవిడే అందరికీ చెప్పారు. ఆ మాటే సూరన్నని తినేసింది. ఆవిడ ఎదురుపడితే బండిని పక్క సందులోకి తిప్పేసేవాడు.

మరుసటి ఏడు యారాడలో అన్నదమ్ములు తెప్పా వలలూ పంచుకున్నారు. సూరన్న తన వాటా అన్నకి ఇచ్చేసి, వచ్చినదాంతో ఓ పాత రిక్షా కొన్నాడు. మొదటి సాయంత్రం దాన్ని గుమ్మం ముందు పెట్టి, అలవాటు చొప్పున బెల్లు ఊడదీసి బియ్యం డబ్బాలో దాచాడు. భార్య పాపాయమ్మ పకపకా నవ్వింది.

"బండి నీదే, బెల్లూ నీదే. మరి ఎవులికి భయపడి దాస్తన్నావ్?"

సూరన్న తెల్లబోయాడు. బెల్లు పట్టుకెళ్ళి మళ్ళీ బిగించాడు. ఆ చేత్తోనే చైను తుడిచి నూనె పెట్టాడు. తర్వాత వెనక చక్రాల దగ్గర కూలబడి, చీకటి పడేదాకా లేవలేదు.

రెండు చక్రాలకీ అడ్డంగా ఓ సరుగుడు కర్ర, దాని చివర్ల పాత టైరు ముక్కలు, కర్ర నుంచి సీటు దాకా వలతాడు. తాడు లాగితే టైరు ముక్కలు చక్రాలకి ఒత్తుకోవాలి. చెప్పుకోవడానికి ఎంత తేలికో! ఇసుక బస్తాలు వేసుకుని డౌను దిగితే మొదటిసారి కర్రే విరిగింది. రెండోసారి ఒక చక్రమే పట్టి, బండి గిర్రున తిరిగి, అతని మోచేతులు చెక్కుకుపోయాయి. షెడ్డువాళ్ళు 'యారాడ ఇంజనీరొచ్చాడర్రా' అని ఆటపట్టించారు. వాళ్ళలో సత్యం అనేవాడొక్కడే వంగి తాడు లాగి చూశాడు.

"బాగుంది బావా. మాకెందుకులే, రేపటికి బండే మారిపోతాది" అని లేచిపోయాడు.

మూడోసారి తాడుని రెండు పాయలు చేసి, కర్ర రెండు చివరలకీ కట్టి, తెప్ప దుంగలకి వేసే ముడి బిగించాడు. రెండు చక్రాలూ ఒకేసారి పట్టాయి. సముద్రం పడనివాడికి ఆఖరికి తెప్ప ముడే అక్కరకొచ్చింది. ఆపైన పాపాయమ్మని ఎక్కమన్నాడు. "నన్ను సంపెత్తావా ఏటి!" అంటూనే ఎక్కింది. కిందికి దిగాక "ఇంకోపాలి" అంది.

మర్నాడు పొద్దున్న డౌను పైన ఆదిలక్ష్మమ్మ గారికి ఎదురెళ్ళాడు.

"ఎక్కండమ్మా. ఎనక సెక్రాలకి బ్రేకెట్టాను."

"వద్దు నాయనా. నీమీద కోపం కాదు, నాకే భయం. వానకి నువ్వేం చేస్తావు?"

సూరన్న ఇక ఉండలేకపోయాడు. "వాన కాదమ్మా. బ్రేకు ముక్క అరిగిపోనాదని నాకు మూడు రోజుల ముందే తెల్సు. అద్దె బండి కదా అని ఒగ్గేసినాను."

ఆవిడ వేళ్ళు కర్ర మీద బిగుసుకున్నాయి. పొమ్మంటారనే అనుకున్నాడు సూరన్న. అన్నా తప్పులేదు. ఆవిడ మెల్లగా వంగి టైరు ముక్కల్ని చూశారు, తాడు పట్టుకుని ఒకసారి లాగారు.

"ఈ బండి ఎవరిది?"

"నాదేనమ్మా."

ఆవిడ కర్ర అతని చేతికిచ్చి, సీటు పట్టుకుని నెమ్మదిగా ఎక్కి కూర్చున్నారు.

"అయితే పద" అన్నారు.