నిలబడినా తిరిగిన మీటరు

మా చిన్నప్పుడు మర్రిపాడు రోడ్డు మీద, సరిగ్గా నడిమధ్యన, మా గొర్రె ఈనింది... మంద మొత్తం దాని చుట్టూ నిలబడిపోయింది. నాయన కింద కూర్చుని పిల్ల ముక్కు తుడుస్తున్నాడు.

అప్పుడే ఆత్మకూరు వైపు నుంచి ఒక కారొచ్చి ఆగింది. మద్రాసులో తిరిగి తిరిగి పాతబడిన టాక్సీ అది... మీటరుతో సహా మా వైపుకు వచ్చింది. కారు ముందర, బయటే బిగించిన పెట్టె. దానికొక ఇనుప రెక్క. మనిషి ఎక్కితే డ్రైవరు రెక్క దించుతాడు, దిగితే ఎత్తుతాడు. ఎత్తగానే అంకెలన్నీ గుండు సున్నాలవుతాయి. ఆత్మకూరులో ఎన్నోసార్లు చూశాను. నాకు అక్షరం ముక్క రాదు... చూసింది మాత్రం మరిచిపోను.

లోపల బట్టల కొట్టు షావుకారు. కారు నిలబడే ఉంది, మీటరు మాత్రం టిక్కు టిక్కుమంటూనే ఉంది.

“ఒరే, తోలరా గొర్రెల్ని! నిలబడినా తిరగతాదిరా ఈ మీటరు!”

“తల్లి లేచిందాకా కదలవు సామీ,” అన్నాడు నాయన.

“అయితే ఆగినందుకు నువ్వే కట్టు. ఇప్పటికి ఆరు రూపాయలుండాది. ఇంక పెరిగేదంతా నీదే. మీటరు ఎంత చెప్తే అంత!”

నాయన చెయ్యి మొలలోని సంచి మీదకు పోయింది. నాకు ఒళ్ళు మండింది. పోయి ఆ రెక్క పట్టుకుని పైకెత్తాను. టక్కుమని... అన్నీ సున్నాలు!

డ్రైవరు లబోదిబోమన్నాడు. “నా బాడుగ పాయెనే పాపా!”

“యాడికి పోతాదన్నా? ఆరు రూపాయలని ఆయనే అరిచినాడు గదా, ఆయన్నే అడుగు. మా నాయనది మాత్రం మీటరు ఎంత చెప్తే అంత... చూసుకోండి!”

డ్రైవరు నవ్వు ఆపుకోలేకపోయాడు. గొర్రె తీరిగ్గా లేచింది, పిల్ల పాలు తాగింది... అప్పుడు కదిలాము.

మొన్న నెల్లూరు ఆసుపత్రికి పోతే, మనవరాలు ఫోనులో పిలిచిన కారుకు కూడా నిలబడినందుకు వేరే డబ్బులట! ఇవ్వనన్నాను. ఇదంతా దాని చేతే రాయిస్తున్నాను. “ఊరుకో అవ్వా” అంటోంది. ఊరుకోను.

కానీ ఒకటి... ఆ రోడ్డు ఇప్పుడు నున్నగా ఉంది. గొర్రె అడ్డమొస్తే హారను కొడతారు తప్ప బ్రేకు వేయరు. ఆ షావుకారు ఎంత అరిచినా, ఆగి అరిచాడు... మీ ఊరి రోడ్డు మీద ఒక పశువు కోసం బండి ఆగింది చివరిసారి ఎప్పుడో, గుర్తుంటే చెప్పండి.