అట్టముక్క మీద మచ్చ

మీ వంటగది గోడకు అవతల ఏముందో మీకు తెలుసా? కాంట్రాక్టు ఎప్పుడు ముగుస్తుందో తెలుసు, ఏసీ ఏ మూల చల్లగా కొడుతుందో తెలుసు. గోడ అవతల ఏముంది? తెలియకపోతే లేచి వెళ్ళి చూసి రండి, ఈ కాగితం ఎక్కడికీ పోదు. మన తరఫున ఆ గోడ వెనక్కి వెళ్ళి, మోకాళ్ళ మీద వంగి చూసిన మనిషి ఇక లేడు.

గురువారం పొద్దున దోహాలో, ఫరీజ్ బిన్ మహమూద్‌లోని తన గదిలో, మనమంతా చాచా అని పిలిచే ఆ పెద్దాయన కన్నుమూశారు. తెల్లవారుజామున ఫజర్ నమాజు చదువుకుని, టీ పెట్టమని పక్క మంచం అతనికి చెప్పి, గోడకు ఆనుకుని కూర్చున్నారట. టీ వచ్చేసరికి ఆయన లేరు. గుండె ఆగిపోయిందన్నారు. ఆ గదివాళ్ళ ఫోను వచ్చినప్పుడు నేను మా మేడమ్ పిల్లల్ని స్కూలు గేటు దగ్గర దింపుతున్నాను. నా నోట మొదట వచ్చిన మాట ప్రార్థన కాదు. "రేపే కదా శుక్రవారం" అన్నాను.

ఆ మాట ఎందుకు వచ్చిందో చెప్పాలంటే చాచా పని గురించి చెప్పాలి.

ఆయన కరీంనగర్ వైపు ముసల్మాను. విల్లాలు అద్దెకిచ్చే ముందు, ఖాళీ చేశాక, లోపలా బయటా పరీక్షించి రిపోర్టు రాసే కంపెనీలో డ్యూటీ. మన తెలుగువాళ్ళు ఎవరు ఇల్లు మారుతున్నా శుక్రవారం జుమ్మా నమాజు అయ్యాక ఊరికే వెళ్ళి చూసిపెట్టేవారు. హాలు, పడకగది ఆయన చూడరు. "గవి నువ్వు చూసుకుంటవ్ తియ్యి" అని నేరుగా ఇంటి వెనక్కి నడిచేవారు. అక్కడ జనరేటరు కోసమో, వేడినీళ్ళ బాయిలరు కోసమో ఎప్పుడో పెట్టిన డీజిల్ ట్యాంకు ఉంటుంది. కరెంటు గీజర్లు వచ్చాక బాయిలరు తీసేస్తారు. ట్యాంకును మాత్రం ఎవరూ తీయరు. అడుగున మిగిలిన నూనెతో సహా దాన్ని మరిచిపోతారు. దాని మీద బట్టలు ఆరేస్తారు, దానికి ఆనించి ప్లైవుడ్ గోడ కొట్టి వంటగది కడతారు.

"పెట్రోల్ అయితే అందరు భయపడ్తరు," అనేవారు చాచా. "డీజిల్ భగ్గుమనది. మెల్లగ నానుతది. ఇసుక నానుతది, చెక్క నానుతది, పక్కనే నీ పొయ్యి. ఇగ ఒత్తి తయారైనట్టే గద?"

మరి నేనెవరిని? కోనసీమ నుంచి వచ్చిన హౌస్ డ్రైవర్ని. బైబిలు కాలేజీ గడప తొక్కినవాణ్ణి కాను, స్టీరింగు ముందు కూర్చుని వాక్యం నేర్చుకున్నవాణ్ణి. శుక్రవారం పొద్దున పదిమందిని కూడగట్టి గొంతు పోయేదాకా బోధిస్తాను. నేను పాస్టరుని కానని ఎన్నిసార్లు చెప్పినా చాచా పిలుపు మార్చలేదు. "లైసెన్స్ లేకుండ బండి నడుపుతున్నవ్ పాస్టర్ సాబ్. జర మెల్లగ పో, దేవుడు పట్టుకుంటే జుర్మానా ఏస్తడు" అని అందరి ముందూ ఏడిపించేవారు.

ఆ మహమ్మారి జ్వరం వచ్చి తగ్గాక చాచాకు వాసన తెలియకుండా పోయింది. అందరికీ కొన్నాళ్ళకు తిరిగి వచ్చింది, ఆయనకు రాలేదు. ఇళ్ళు చూసే మనిషికి ముక్కు పోతే ఎలా ఉంటుందో ఊహించండి. ఆయన ఏడవలేదు. నా దగ్గరికి వచ్చి, "నీకు నోరొక్కటే గాదు, ముక్కు గూడ మంచిగనే ఉన్నట్టుంది. శుక్రవారాలు జర కిరాయికియ్యి" అన్నారు. అప్పటి నుంచి నేను ఆరాధన ముగించుకుని, ఆయన మసీదు నుంచి వచ్చి, కలిసి ఇళ్ళు చూసేవాళ్ళం. కళ్ళు ఆయనవి, ముక్కు నాది.

టీ కొట్టు దగ్గర ఆగినప్పుడు గ్లాసు తన ముక్కు దగ్గర పెట్టుకుని, కాసేపు చూసి, నాకు అందించేవారు. "ఎట్లున్నది, చెప్పు."

"ఏలకులు ఎక్కువేశాడు చాచా. పాలు కాస్త అడుగంటినట్టున్నాయి."

ఆయన కళ్ళు మూసుకుని తలాడించి, అప్పుడు తాగేవారు. ఒకసారి దోహాలో తొలి వాన పడినప్పుడు ఫోను చేసి మరీ అడిగారు, మట్టి వాసన వస్తుందా అని. వస్తుందన్నాను. "మన దిక్కు లెక్కనేనా?" అన్నారు. కాదు చాచా, ఇక్కడిది సున్నం వాసన అన్నాను. అబద్ధం చెప్పి ఉంటే ఆ పూట సంతోషించేవారేమో.

నా ముక్కును మాత్రమే ఆయన నమ్ముకోలేదు. ఏదైనా డబ్బా చించి, ఓ అట్టముక్క కత్తిరించి ట్యాంకు కిందికి తోసేవారు. "నువ్వు అబద్ధం చెప్పొచ్చు, ట్యాంక్ చెప్పది" అని నవ్వేవారు. టీ తాగి వచ్చేసరికి అట్ట మీద నల్లటి బొట్టు పడి ఉంటే ఆ ఇల్లు వద్దన్నమాట.

ఆయన పోవడానికి ముందు శుక్రవారం అల్ వుకైర్‌లో ఒక ఇంటికి వెళ్ళాం. పెద్ద విల్లాను ముక్కలు చేసి అద్దెకిచ్చారు. వెనక భాగంలో అనంతపురం వైపు దంపతులు, ఇంకా నడక రాని చంటిపాప. భర్త లుసైల్‌లో ఒక ఆఫీసు డ్రైవరు. పాపకు దగ్గు తగ్గట్లేదని, ఇల్లు ఒకసారి చూడమని అతనే అడిగాడు.

లోపలికి అడుగు పెట్టగానే గుప్పున బఖూరు ధూపం. చాచా నా వైపు చూశారు.

"సుగంధం తప్ప ఇంకేమీ రావట్లేదు చాచా."

"గదే నా డౌటు. నడి మధ్యాహ్నం గింత ధూపమెందుకమ్మా?"

ఆ అమ్మాయి సిగ్గుపడింది. "వంటింట్లో ఏదో కంపు కొడతాంది చాచా. పక్కింటి అరబ్బీ పెద్దమ్మ ఇచ్చింది, ఇది ఏస్తే పోతాదని. దినామూ ఏస్తాండా."

"ముక్కు ఊకెనే లేదు బిడ్డా, అల్లా పెట్టిన చౌకీదారు. చౌకీదారు ఒర్లుతుంటే నోట్ల మిఠాయి పెడితే ఎట్ల?"

వెనక ట్యాంకు ఉంది. కాళ్ళు తుప్పు పట్టాయి. ఏసీ నీళ్ళు పడి పడి ఒక కాలి కింద ఇసుక కోసుకుపోయి, ట్యాంకు ప్లైవుడ్ గోడ మీదికి ఒరిగింది. పైన గాలి గొట్టంలో ఎవరో గుడ్డలు కుక్కారు, కంపు రాకుండా. గోడకు ఇవతల గ్యాసు పొయ్యి. చాచా గుడ్డలు పీకేసి, బిస్కెట్ల డబ్బా చించి అట్టముక్క తోశారు. టీ తాగాం. తీసి చూస్తే మచ్చ లేదు. వేలితో తడిమి చూసి, "పొడిగనే ఉన్నది. గని నాకు నమ్మకం లేదు. మెల్లగ కారేది గింతల కనపడది" అన్నారు.

అప్పుడు నేను లేఖనం ఎత్తాను. నా అలవాటు మీకు తెలిసిందే. ధర్మశాస్త్రంలో ఇంటికి పట్టే తెగులు గురించి ఉంది: గోడ మీద మచ్చ కనపడితే యాజకుడు వచ్చి చూస్తాడు, ఏడవ రోజున తిరిగి వచ్చి అది వ్యాపించిందా అని మళ్ళీ చూస్తాడు. చాచా పకపకా నవ్వారు. "మీ యాజకుడు గూడ నా లెక్క ఇన్‌స్పెక్టరేనా? అయితే మనం గూడ ఏడో రోజు వద్దాం."

అయినా వెళ్ళబోతూ ఆగారు. "బాబూ, పిల్లను తీస్కొని ఇయ్యాలనే ఏడికన్నా పోరాదు?"

"యాడికి పోయేది చాచా? రేపట్నించి ఎయిర్‌పోర్టు డ్యూటీ. సామాను ఎవురు మోయాల? వారం దినాలే కదా."

విల్లా కాపలాదారును పిలిచి చెబితే ట్యాంకు వైపు చూడను కూడా చూడలేదు. "బుక్రా, బుక్రా. రేపు మనిషిని పిలుస్తా" అన్నాడు. అందరం సరేనన్నాం. చాచా కూడా అన్నారు. అదే డబ్బాలోంచి కొత్త అట్టముక్క పెట్టి వచ్చేశాం, వచ్చే శుక్రవారం మన జేబులో ఉన్నట్టు.

ఫరీజ్ దగ్గర నా కారు దిగుతూ చాచా, "ఆ పిల్ల నా కళ్ళద్దాలు పట్టుకుని గుంజింది, చూసినవా? గట్టిగనే గుంజింది" అన్నారు. నేను విన్న చివరి మాట అదే.

శుక్రవారం జుమ్మా తర్వాత ఆయన్ని మట్టిలో పెట్టారు. నేను శ్మశానం గోడ పక్కన నిలబడ్డాను. ఆ అనంతపురం అబ్బాయి కూడా వచ్చాడు. ఊరి నుంచి చాచా కూతురు ఫోనులో అడిగింది: "అంకుల్, మా అబ్బా దుబాయ్‌ల ఏం పని చేస్తుండె? అడిగితే ఎప్పుడు నవ్వుతుండె." ఊళ్ళో వాళ్ళకు గల్ఫ్ అంతా దుబాయే. "ఇళ్ళు చూసేవారమ్మా" అన్నాను. ఇంకేదో చెప్పాల్సింది. సలాం చెప్పి ఫోను పెట్టేశాను.

శ్మశానం నుంచి నేరుగా వుకైర్ వెళ్ళాం. ఏడవ రోజు. మోకాళ్ళ మీద వంగి ఆ అట్టముక్క బయటికి లాగాను. మధ్యలో నల్లగా, అంచుల్లో గోధుమరంగుగా, బిస్కెట్ల బొమ్మ కనపడకుండా మచ్చ పరుచుకుంది. చేతికి తడి తగిలింది. ప్లైవుడ్ గోడ అడుగంతా అదే రంగు. ఆ అబ్బాయి లోపలికి వెళ్ళి పొయ్యి కట్టేసి, పాపను ఎత్తుకుని బయటికి వచ్చాడు. ఆ సాయంత్రమే మా ప్రార్థన జరిగే గదికి మారారు.

దేవుని దయ, ఏమీ కాలేదు. కానీ నా మనసు ఊరుకోవడం లేదు. ఆ రాత్రి ఆ వాక్యం మళ్ళీ చదివాను. యాజకుడు చూడడానికి రాకముందే ఇంట్లో ఉన్నవన్నీ బయట పెట్టించాలని ఉంది. ఇల్లు మూసి, ఆ తర్వాతే ఏడు రోజులు ఆగాలని ఉంది. మేము ఏడు రోజుల మాట పట్టుకున్నాం, ఖాళీ చేయమన్న మాట వదిలేశాం. ఆ వాక్యం నేను పూర్తిగా చెప్పి ఉంటే చాచా ఆ పిల్లను ఆ పూటే తన ఒళ్ళో పెట్టుకుని బయలుదేరదీసేవారు. ఇల్లు ఖాళీ అయిందన్న మాట విన్నాకే కన్నుమూసేవారు. ఆరు రోజులు ఆ పిల్ల గుర్తొస్తూనే ఉండి ఉంటుంది ఆయనకు.

ట్యాంకు ఇంకా అక్కడే ఉంది. నిన్న కాపలాదారును అడిగితే మళ్ళీ "బుక్రా" అన్నాడు. గేటుకు అప్పుడే అద్దెకివ్వబడునన్న కాగితం అంటించారు. గదిలో ఎవరో కొత్తగా ధూపం వేశారు.

సహోదరులారా, బైబిలులో పెళ్ళికొడుకు కోసం దీపాలతో కాచుకున్న ఆ కన్యకలకు నూనె చాలక, కొనుక్కొచ్చేసరికి తలుపు మూసేశారు. మనకో, ఎవరికీ అక్కరలేని నూనె తలుపు వెనకే కారుతోంది. రేపు మనది కాదని లేఖనం చెబుతూనే ఉంది, గురువారం పొద్దున నాకు ఫోను చేసి మరీ చెప్పింది. అట్టముక్క నా కారులో, చాచా కూర్చునే సీటు మీద ఉంది. ఇంకా ఆరలేదు. మీరు ఒక డబ్బా చించండి. గోడ వెనక్కి వెళ్ళండి. వాసన వస్తే ధూపం వేయకండి, పొయ్యి ఆపండి, పిల్లల్ని ఎత్తుకోండి, ముందు బయటికి రండి. ఈ శుక్రవారం కాదు. ఇవాళే. ఈ కాగితం కింద పెట్టి, ఇప్పుడే.