అక్క చెప్పని పిట్ట పేరు

జనగామ మార్కెట్లో జామకాయల బుట్ట ముందు కూర్చున్న అవ్వ, ఒక కాయ తీసి నా ముక్కు దగ్గర పెట్టి, "చిలుక కొరికింది బిడ్డా, తీస్కో, బెల్లం లెక్కుంటది" అన్నది. ఆ వాసనకు ముందు మా పెరడు గుర్తొచ్చింది, పెరడు వెనకే మా సరోజక్క, అక్క వెనకే నా పాత కుళ్లు. అరవై దగ్గర పడుతున్నా మా అక్కంటే నాకింకా అసూయే. దాచుకోవడం దేనికి?

కురవి దగ్గర మా ఊళ్లో ఇంటి వెనక పెరట్లో చేదబావి, గోడ వారగా మునగ, మూలకు సీతాఫలం, నడిమధ్యలో జామచెట్టు ఉండేవి. ముసురు పట్టిన రోజుల్లో ఆకుల మాటున జెముడుకాకి ఎవరో బుంగలోకి ఊదినట్టు గుబగుబమనేది, చలికాలం మునగ పూతకు తేనెపిట్టలు తలకిందులుగా వేలాడేవి, ఎండలు ముదిరితే గోలెంలో నీళ్ల కోసం గోరింకలూ పికిలిపిట్టలూ ఒకదాన్నొకటి తోసుకునేవి. పొద్దున్నే బాపు వేపపుల్ల నములుతూ బావిగట్టు మీద కూర్చుని, ఏ కూత వినబడినా "గదేం పిట్ట?" అని అడిగేవాడు. నేను మెడ నొప్పి పుట్టేలా కొమ్మ కొమ్మా వెతుకుతుంటే, అక్క తల దువ్వుకుంటూ అద్దంలోంచి చూపు తిప్పకుండానే "పికిలి" అనేసేది. బాపు నవ్వి ఆమె నెత్తి మీద చెయ్యి వేసేవాడు. నాకంటే మూడేళ్లే పెద్దది, ఆ చెవులు మాత్రం ఎక్కణ్నుంచి తెచ్చుకుందో! పైగా నాకు నేర్పాలని చూసేది. దాంతో నాకింకా ఒళ్లు మండేది.

"పాలపిట్ట కూసున్నప్పుడు మట్టిరంగుంటది పద్మా, లేస్తేనే రెక్కల నీలం కనవడ్తది. లకుముకి కూసున్నా నీలమే. ముక్కేమో ఎర్రగుంటది. యాదివెట్టుకో" అని ఎన్నిసార్లు చెప్పిందో. నేను విననట్టు నటిస్తూ అంతా విన్నాను.

అసలు పోటీ దసరా నాడు. సద్దుల బతుకమ్మ నాటి సత్తుపిండి ఇంకా డబ్బాలో మిగిలి ఉండగానే, గునుగుపూల రంగు వేళ్ల మీద పూర్తిగా పోకముందే దసరా వచ్చేది. ఆ రోజు పాలపిట్టను చూసి దండం పెట్టుకుంటే ఏడాదంతా మంచి జరుగుతుందని మావాళ్లు ఊరి బయటకు వెళ్లేవారు. మా ఇంట్లో దానికో అదనపు కట్టుబాటు. బాపుకు పిట్టను ముందు చూపించిన వాళ్లకే, సాయంత్రం ఆయన చేతి నుంచి జమ్మి ఆకు ముందు అందేది. ఆ ఆకునే మేం బంగారం అంటాం. ఏటా ఆ మొదటి బంగారం అక్కదే. నాకు రెండోది. నేను కళ్లల్లో నిప్పులు పోసుకునేదాన్ని.

నాకు తొమ్మిదేళ్లప్పుడు, బాపు మిరప చేను ఒడ్డు మీద జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఆ దసరాకు అందరూ ఊరి బయటకు పోతుంటే, ఆయన కట్టుకాలు చాపుకుని పెరట్లో మంచం మీదే ఉండిపోయాడు. అమ్మ గారెలు వండుతోంది. "ఈయేడు నాకు పాలపిట్ట లేనట్టే" అన్నాడు, ముఖం చిన్నబుచ్చుకుని. అక్క జామచెట్టెక్కి చేల వైపు చూస్తోంది. నేను బావి దగ్గర ఉన్నాను. అప్పుడే గిరక కొయ్య మీద ఓ పిట్ట వాలింది. కూర్చున్నా నీలమే, ముక్కు ఎర్రగా మెరుస్తోంది. అదేమిటో నాకు స్పష్టంగా తెలుసు. తెలిసే అరిచాను.

"బాపూ, పాలపిట్ట!"

బాపు రెండు చేతులూ జోడించి కళ్లు మూసుకున్నాడు. పెదవులు కదిలాయి. అక్క చెట్టు మీంచి దూకి పరుగెత్తుకొచ్చింది.

"బాపూ, గది లకుముకి. ముక్కు సూడు!"

బాపు కళ్లు తెరిచాడు. చూపు మంచిదే, ఆయనకూ ముక్కు కనిపించే ఉంటుంది. కానీ పెట్టిన దండాన్ని వెనక్కి ఎట్లా తీసుకుంటాడు? "ఊకో సరోజా. దండం వెట్టినంక గది పాలపిట్టనే" అని గదిమాడు. అక్క కళ్లల్లో నీళ్లు తిరగడం చూసి నాకు పండగంతా అప్పుడే అయినట్టు అనిపించింది. సాయంత్రం మొదటి బంగారం నాకే దక్కింది.

మర్నాడు పొద్దున జామచెట్టులో ఏదో కూసింది. "గదేం పిట్ట?" అన్నాడు బాపు. అక్క జడ అల్లుకుంటూ, "పద్మనడుగు" అంది. నేను గోరింక అన్నాను. బాపు మళ్లీ అక్క వైపే చూశాడు. మరో నాలుగు రోజులు అడిగి, ఆయన కూడా మానేశాడు. అక్క చెబితే కదా నేను చాటుగా వినేది! ఇక అక్కడితో నా చదువు ఆగిపోయింది. ఆ లకుముకి తర్వాత ఒక్క కొత్త పిట్ట పేరు కూడా నేను నేర్చుకోలేదు.

ఇప్పుడు బాపు లేడు. బావి పూడ్చేశారు, జామచెట్టు ఉన్నచోట వరసగా షట్టర్లు వచ్చాయి. జెముడుకాకి కూత విని ఎన్నేళ్లయిందో. భూపాలపల్లిలో కాపురముంటున్న అక్క, వాళ్ల వీధి పిల్లల్ని వెంటేసుకుని పిట్టల పేర్లన్నీ చెబుతుందట. ఆ మాట విన్నప్పుడల్లా నాకు కడుపుమంటే. ఊరందరి పిల్లలకూ చెబుతుంది, నాకు తప్ప.

పోయిన దసరాకు అక్క మా ఇంటికి వచ్చింది. ఇద్దరం డాబా మీద నిలబడి ఉండగా, ఎదుటి కరెంటు తీగ మీద ఏదో పిట్ట వాలింది. ఎండ ఎదురుగా కొడుతోంది, నా అద్దాలకు రంగు ఆనడం లేదు. యాభై ఏళ్ల తర్వాత సిగ్గు విడిచి అడిగాను.

"అక్కా, గదేం పిట్ట?"

"నువ్వేదంటే గదే" అంది అక్క, నిమ్మళంగా.

ఆమె దండం పెడితే పాలపిట్ట అనుకుందామని ఆమె చేతుల వైపు చూశాను. అక్క కూడా నా చేతుల వైపే చూస్తోంది.