ర్యాంపుకు ప్రారంభోత్సవం

ఆ రోజుల్లో లోకంలో ఏ సమస్యయినా ఒక కమిటీ వేస్తే తీరిపోతుందని మాకు గట్టి నమ్మకం. సంగారెడ్డిలో డిగ్రీ చదువుతూ, సెలవుల్లో సర్కారు బడులకు పోయి పిల్లలకు సైన్సు ప్రయోగాలు చూపించే విద్యార్థుల బృందం మాది. అందులో చక్రాల కుర్చీలో తిరిగేదాన్ని నేనొక్కదాన్నే. ఏ బడిలో చూసినా వేదికకు మెట్లే కాబట్టి, నా వాటాకు ఎప్పుడూ గేటు దగ్గర పన్నీరు చల్లే పనే వచ్చేది (ఫిజిక్సు చదివేది ఇందుకేనా అని మా అమ్మ దెప్పేది). చివరికి దీనికీ ఒక కమిటీ వేస్తే, ప్రతిదానికీ రూలు చెప్తాడని మేం రూలన్న అని పిలిచే మా సీనియర్ దాంట్లో సమాన అవకాశాల ఇన్‌చార్జి అయ్యాడు. "ఇగ హత్నూర బడిల డబ్బా నలిగే ప్రయోగం నువ్వే చేస్తవ్ చెల్లె," అన్నాడు. నేను ఎగిరి గంతేసినంత పనిచేశాను. రోజూ అద్దం ముందు కూర్చుని గాలి పీడనం మీద ఉపన్యాసాలిచ్చాను, ఇంట్లో ఉన్న నూనె డబ్బాలన్నిటికీ సొట్టలు పెట్టాను.

రూలన్న పటాన్‌చెరులో ఒక వెల్డింగు షాపాయన్ను బతిమాలి, ఇనుప రేకుతో ర్యాంపు చేయించి ట్రాలీ ఆటోలో తెచ్చాడు. అంతవరకూ బాగానే ఉంది. కానీ కొత్తది ఏదైనా మనం ఊరికే వాడతామా? దానికి బంతిపూలు కట్టారు, ముందర ముగ్గేశారు, అడ్డంగా ఎర్ర రిబ్బను కట్టి ముఖ్య అతిథే కత్తిరించాలన్నారు. ఆయనేమో ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాడు. మావాళ్లంతా చకచకా మెట్లెక్కి పైకి పోయారు. ఆ ర్యాంపు ఎవరికోసం చేయించారో ఆ మనిషి మాత్రం కిందే ఉంది. "ఓపెనింగ్ గాకుండ ఎట్లెక్కుతవ్ చెల్లె? జెర ఆగు, సార్ ఫీలయితడు," అన్నాడు రూలన్న. ముందు వరుసలోని ఒక బుడ్డది నన్నే చూస్తూ, "అక్కా, నువ్వెందుకు ఎక్కుతలేవు?" అంది. "నాకింక ఓపెనింగ్ గాలేదు బిడ్డా," అన్నాను.

ఇంతలో హెడ్మాస్టరు వచ్చి, ఇంకాసేపట్లో అన్నం గంట కొడతామన్నాడు. గంట కొడితే పిల్లలు ఆగరు. రూలన్న పైనుంచి వంగి, "టైం లేదు, ఈసారికి నేను చేస్త. మళ్లసారి నువ్వు," అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. "మళ్లసారి మళ్లసారి అనుకుంటనే గింతకాలం పన్నీరు జల్లిన గదన్నా! జరుగు!" అని అరిచి, చక్రాలు బలంగా తోశాను. రిబ్బను ముడి ఊడి నా మెడలో పడింది. దాంతోనే పైకెక్కి, డబ్బాలో నీళ్లు మరగబెట్టి, మూత బిగించి, పైనుంచి చన్నీళ్లు పోశాను. డబ్బా కరకరమంటూ నలిగింది. పిల్లల కేకలకు మా నెత్తిమీది రేకుల షెడ్డు ఎగిరిపోతుందేమో అనిపించింది.

అప్పుడొచ్చాడు ముఖ్య అతిథి. రూలన్న మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆయన మెట్లవైపు చూసి నిట్టూర్చి, తర్వాత ర్యాంపు చూసి మొహమంతా విప్పార్చుకుని, మెల్లగా నడిచి పైకొచ్చాడు. "నాకు మోకాళ్ల నొప్పులని మీకెట్ల తెల్సు? మంచిగ జేసిన్రు!" అని రూలన్న భుజం తట్టాడు. ఆ నలిగిన డబ్బా చూసి ఇంకోసారి చేయమన్నాడు. రూలన్న అలవాటు కొద్దీ ముందుకు అడుగేశాడు. "అక్కనే చెయ్యాలె!" అని బడి బడంతా అరిచింది.

ఇప్పుడు సుల్తాన్‌పూర్‌లో ఉద్యోగం చేస్తున్నాను. మీటింగులో ఒక మాట అనాలంటే, అటూ ఇటూ చూసి, గొంతు సవరించుకుని, ఆఖరికి "తర్వాత చెప్తాలే" అని ఊరుకుంటాను. మెడలో రిబ్బనేసుకుని అందరినీ జరగమన్న ఆ పొగరుబోతు పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది. ఒక్క పూటకు దాన్ని నా పక్కన కూర్చోబెట్టుకుంటే ఎంత బాగుండు!